పులికంప పెరికే ఆదివారాలు: తిరుపతి అటవీ స్వచ్ఛంద సేవపై ఒక సమీక్ష

గత ఏడాది జూన్ మొదలు ఈ ఏడాది మార్చి వరకు, నెలకు రెండు ఆదివారాల చొప్పున, తిరుపతిలోని ఒక స్వచ్ఛంద బృందం నడిపే అటవీ సంరక్షణ కార్యక్రమంలో నేను పాల్గొన్నాను. మొత్తం 20 ఆదివారాల్లో 17 హాజరయ్యాను. తప్పిన మూడింటిలో రెండు మోకాలి నొప్పి వల్ల, ఒకటి మనవరాలి పుట్టు వెంట్రుకలు తీయించినందువల్ల. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొందిన తర్వాత తీరిక దొరికినా, డబ్బు చెల్లించి చేరిన సేవ కనుక, బ్యాంకులో అలవాటైన పద్ధతిలోనే దాని జమాఖర్చులు రాయడం సముచితమనిపించింది. లోపాలు కూడా చెప్పబోతున్నాను కాబట్టి బృందం పేరు ఇక్కడ రాయడం లేదు.

చేరడానికి మొత్తం కాలానికి 500 రూపాయలు తీసుకున్నారు. తెల్లవారుజామున 5.30కు అలిపిరి దగ్గర వ్యాను ఎక్కించుకోవడం, తోలు గ్లౌజులు, పనిముట్లు, ఉదయం ఫలహారం, ఒక చిన్న మొక్కల పుస్తకం అందులోనే వస్తాయి. పొంగలి వేడిగా ఉంటుంది, మిరియాలు ధారాళంగా పడతాయి. ఫలహారం గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. ప్రచార కరపత్రంలో మాత్రం చేతిలో మొక్క పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫోటో వేసి, మొక్క నాటి శేషాచలాన్ని కాపాడమని రాశారు. ఏడాది చివరికి నాకు అర్థమైనదేమిటంటే, ఈ బృందం బాగా చేసే పని మొక్క నాటడం కాదు, మొక్క పెరకడం, అదీ అడవిని కమ్మేసే పులికంపను. కరపత్రం అమ్ముతున్నది ఒకటి, లోపల దొరుకుతున్న మంచి సరుకు మరొకటి. చేరదలచినవారు ఈ తేడా ముందే తెలుసుకుంటే నిరాశ చెందరు.

పని జరిగే చోటు భాకరాపేట కనుమకు దిగువన, అడవిని ఆనుకుని ఉన్న ఒక చిన్న పల్లె. అటవీ శాఖ అనుమతితో, ఆ ఊరి వన సంరక్షణ సమితి సభ్యులతో కలిసి, ఊరి ఉమ్మడి భూమిలోనూ దానికి తగిలి ఉన్న అడవి అంచులోనూ పని చేస్తాము. అడవి హద్దు దాటిన ప్రతిసారీ బీటు అధికారి వెంట ఉన్నారు. ఇది చాదస్తం కాదు. శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్లు 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంగా ఉన్నాయి. దాన్ని కలుపుకుని చిత్తూరు, కడప జిల్లాల పరిధిలో సుమారు 4,755 చదరపు కిలోమీటర్ల మేర కొండలను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఇక్కడ ఎర్రచందనం దొంగల భయం ఎటూ ఉండనే ఉంది. చేతిలో కత్తి పట్టుకుని అడవిలో తిరిగే అపరిచితుడు సేవకుడో, కూలికి వచ్చిన నరుకుడుగాడో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? అనుమతి పత్రం, సభ్యుల జాబితా, లోపలికి వెళ్లిన సమయం, తిరిగి వచ్చిన సమయం రాసే పుస్తకం, వీటి విషయంలో బృందం చూపిన క్రమశిక్షణకు పూర్తి మార్కులు వేస్తాను.

మొదటి రోజున ఊరి రచ్చబండ దగ్గర మమ్మల్ని మేము వాలంటీర్లమని పరిచయం చేసుకున్నప్పుడు, ఒక ముసలామె ఆశగా దగ్గరికి వచ్చి, "పింఛను తెచ్చినారా నాయనా?" అని అడిగింది. మన రాష్ట్రంలో 2019లో ఇంటింటికీ పింఛను అందించే ప్రభుత్వ వాలంటీర్లు వచ్చాక ఆ మాటకు వేరే అర్థం స్థిరపడిపోయిందన్న సంగతి నిర్వాహకులకు తట్టినట్లు లేదు. ఆ తర్వాత అందరం "అడవి పనికి వచ్చినాం" అనే చెప్పుకున్నాము.

ఆ మొదటి ఆదివారం మా చేతికి పనిముట్లు ఇవ్వలేదు. వృక్షశాస్త్రం బోధించి విరమించిన ఒక మాస్టారు, యానాది తెగకు చెందిన ఒక పెద్దాయన, ఇద్దరూ కలిసి రెండు గంటల సేపు ఆకులు చూపించారు. ఈ మొత్తం సేవలో నేను అత్యంత విలువైనదిగా ఎంచేది ఈ రెండు గంటలనే. తిరుపతిలో 30 ఏళ్లుగా ఉంటున్న నాకు ఎర్రచందనం అంటే దుంగలుగా పేర్చి, పోలీసుల వెనుక ఫోటోలో కనిపించే వస్తువుగానే తెలుసు. మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన నల్లని బెరడుతో, ఒక్కో ఈనెకు గుండ్రని మూడేసి ఆకులతో నిలబడి ఉన్న చెట్టును పేరు పెట్టి గుర్తుపట్టడం అదే మొదటిసారి. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, అంటే మన కొండల్లోనూ వాటి చుట్టుపక్కలా మాత్రమే. దాని అంతర్జాతీయ వ్యాపారంపై, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల కోసం దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం కింద 1995 నుంచే నియంత్రణ ఉంది.

ఎర్రచందనానికి ఉన్న కీర్తి వల్ల మిగతా చెట్లు మరుగున పడిపోతున్నాయని మాస్టారు బాధపడ్డారు. కొండ సాంబ్రాణి, తెల్లకరక, మొగి, తంబ జాలారి వంటివి కూడా ఈ కొండల్లోనూ చుట్టుపక్కల కనుమల్లోనూ తప్ప పెద్దగా కనిపించని చెట్లే. అడవి కొత్తిమీర అని పిలిచే ఒక చిన్న దుంప మొక్క శాస్త్రీయ నామంలో తిరుపతి పేరే ఉంది. అయినా తిరుపతిలో దాన్ని ఎరిగినవారు ఎందరు? వీటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పేరీత. చూడడానికి పొట్టి ఈత మొక్కలా ఉంటుంది, కానీ ఈతకు దీనికి చుట్టరికం లేదు. పువ్వు పూయకుండా శంకువులతో విత్తనం కట్టే అతి ప్రాచీనమైన సైకస్ జాతికి చెందినది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. పెరుగుదల చాలా నెమ్మది. మగ శంకువులను నాటు మందుల కోసం కోసుకుపోతారు కాబట్టి విత్తనం కట్టే అవకాశం ఇంకా తగ్గిపోతుంది. సైటిస్ ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలో దీనిని చేర్చారు.

ఇది ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ తర్వాత ఒక ఆదివారం కొండవాలు మీద పొదలు తొలగిస్తూ, చిట్టీత అనుకుని నేను ఒక పేరీత పిలక మీద కత్తి ఎత్తాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఈత అయితే మట్ట మొదట్లో ముల్లు గుచ్చుకుంటాది, రెబ్బ దోనె మాదిరి ముడుచుకోనుంటాది. దీని రెబ్బ అంచులు కిందికి చుట్టుకోనుండాయి, నడాన ఒగటే ఈనె. చూడు సామీ" అని ఆకు తిప్పి చూపించారు. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే, అడవిని కాపాడడానికి 500 రూపాయలు కట్టి వచ్చిన నేను, ఆ అడవిలోని అత్యంత అరుదైన మొక్కల్లో ఒకదానిని నరికి ఉండేవాడిని. ఇలాంటి కార్యక్రమం ఏదైనా మొదటి రోజునే కత్తులు పంచిపెడుతున్నదంటే, అందులో చేరకపోవడమే అడవికి మేలు.

ఇక అసలు పని. మా పక్క పులికంప అని పిలిచే లంటానా ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన మొక్క. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో అలంకారం కోసం కలకత్తా వృక్షశాస్త్ర వనానికి తెచ్చిన ఈ మొక్క, పసుపు, నారింజ, గులాబి రంగుల పూలతో తోటల గోడలు దాటి దేశమంతా పాకింది. ఆకులో విషం ఉండటం వల్ల పశువులు దీనిని సాధారణంగా ముట్టవు. నల్లగా పండిన కాయలను పిట్టలు తిని దూరదూరాలకు గింజలు చల్లుతాయి. దట్టంగా అల్లుకున్న పొద కింద ఎండ పడదు కాబట్టి గడ్డి చస్తుంది, అడవి చెట్ల గింజలు మొలిచినా పైకి లేవలేవు. వేసవిలో ఎండిన కంప నేల నుంచి కొమ్మల దాకా మంటకు నిచ్చెన వేస్తుంది. 2014 మార్చిలో శేషాచలంలో రేగిన మంటలను ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు చల్లవలసి వచ్చిన సంగతి తిరుపతి వాసులకు గుర్తుండే ఉంటుంది. ఆ పొగ మా వీధి మేడల మీదికి కూడా కనిపించింది. అప్పుడు మేము మేడ ఎక్కి చూశామే తప్ప, కొండ కింద ఏం పెరుగుతోందని ఎవరమూ ఆలోచించలేదు.

పులికంపను నరికితే ప్రయోజనం లేదని బృందం మొదటే చెప్పింది. నరికిన మోడు నుంచి ఒకటికి పది కొమ్మలు వస్తాయి. లాగితే వేరు తెగి సగం నేలలోనే మిగులుతుంది. వీరు అనుసరించే పద్ధతి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు రూపొందించి ప్రచారంలోకి తెచ్చినది. కాండం, వేరు కలిసే చోటికి కాస్త కింద, నేలలో సుమారు నాలుగు వేళ్ల లోతున, ప్రధాన వేరును గునపంతో తెగగొట్టాలి. చిగురు వేసే శక్తి ఆ పైభాగంలోనే ఉంటుంది కాబట్టి కింద మిగిలిన వేరు మళ్లీ మొలవదు. తెగిన పొదను తలకిందులుగా, వేళ్లు ఆకాశం వైపు ఉండేలా పడేస్తే నేల తగలక ఎండిపోతుంది. కాయలు ఉన్న కొమ్మలను ముందే కోసి సంచిలో వేసుకోవాలి. వినడానికి ఇది నాలుగు వాక్యాల పని. చేయడానికి మాత్రం నడుము, మోకాలు, ముంజేతులు వేర్వేరుగా ఫిర్యాదు చేస్తాయి. పనిముట్లు పట్టిన తొలి ఆదివారం పన్నెండు మందిమి నాలుగు గంటలు శ్రమిస్తే అర ఎకరం కూడా శుభ్రం కాలేదు. వానలు పడి నేల మెత్తబడిన ఆగస్టులో, మళ్లీ అక్టోబరులో అదే పని సగం శ్రమతో జరిగింది. ఈ కారణంగానే వాన పడిన వారానికే కార్యక్రమం పెట్టుకోవడం అవసరం. తేదీలను ముందుగా అచ్చు వేయించిన బృందం ఆ వెసులుబాటు చూపలేదు. ఎండి గట్టిపడిన నేల మీద చేసిన రెండు ఆదివారాల శ్రమ దాదాపు వృథా అయింది.

ఈ పనిలో బృందం కూడా ఒక పాఠం నేర్చుకుంది, ఆ సంగతి దాచకుండా మాతో చెప్పింది. జూన్‌లో శుభ్రం చేసిన మొదటి పట్టీని సెప్టెంబరులో చూసేసరికి పులికంప పోయిన చోట వయ్యారిభామ అనే మరో కలుపు మొక్క నడుము ఎత్తున నిలబడి ఉంది. ఖాళీ నేలను ప్రకృతి ఖాళీగా ఉంచదు, ముందు వచ్చినవాడిదే జాగా. అప్పటి నుంచి పద్ధతి మార్చారు. ఒకేసారి పెద్ద ప్రాంతం తొలగించకుండా చిన్న చిన్న పట్టీలుగా తొలగించడం, మధ్యలో కొన్ని పొదలు కుందేళ్లకు, పిట్టలకు వదిలేయడం, తొలగించిన చోట వెంటనే స్థానికమైన బోద గడ్డి విత్తనం చల్లడం, నెల తర్వాత, మూడు నెలల తర్వాత తిరిగి వచ్చి మొలకలు ఏరివేయడం. ఈ తిరిగి వచ్చే ఆదివారాలకు హాజరు సగానికి సగం పడిపోయింది. కొత్త పొద కూల్చడంలో ఉన్న ఉత్సాహం, వంగి కూర్చుని చిటికెన వేలంత మొలకలు ఏరడంలో ఉండదు. కానీ డిసెంబరులో, ఈ కొత్త పద్ధతిలో శుభ్రం చేసిన రెండో పట్టీలో గడ్డి మధ్య నుంచి బిల్లు మొలకలు, చిరుమాను మొలకలు, ఒక పాత ఎర్రచందనం వేరు నుంచి లేచిన మూడు పిలకలు చూపించినప్పుడు, వాటిని మేము నాటలేదన్న విషయమే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో అటవీ సిబ్బంది పర్యవేక్షణలో నిప్పు అడ్డుబాటల మీద రాలిన ఆకులు ఊడ్చే పని చేశాము. మంటలు అంటుకుంటే ఆర్పడానికి సేవకులను ఏ పరిస్థితిలోనూ పంపబోమని నిర్వాహకులు రాసి ఇచ్చారు. ఫిబ్రవరిలో ఎదుటి కొండ మీద పొగ కనిపించినప్పుడు ఇద్దరు యువకులు అటు పరుగెత్తబోతే వారిని గట్టిగా ఆపి వ్యాను ఎక్కించారు. ఆ నిర్ణయం సరైనదే.

రెండో మంచి పని విత్తనాల నారుమడి. సమితి సభ్యులు అనుమతితో రాలిన విత్తనాలను ఏరి తెస్తే, మేము వాటిని సిద్ధం చేసి సంచుల్లో వేస్తాము. ఎర్రచందనం కాయ చుట్టూ రెక్కలా ఒక అంచు ఉంటుంది. దానిని కత్తిరించి, కాయను పేడనీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి నాటితే మొలకెత్తే అవకాశం పెరుగుతుంది. మొగి మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధం. నేరేడు జాతి గింజ కాబట్టి ఎండబెట్టి దాచితే జీవం పోతుంది, పండు తిన్న చేతితోనే నాటినట్లు వెంటవెంటనే నాటాలి. జాలారి గింజలదీ అదే తీరు. ప్రతి సేవకుడికీ 20 సంచులు ఇచ్చి ఇంట్లో పెంచి తెమ్మన్నారు. మా మేడ మీద నా 20 ఎర్రచందనం సంచుల్లో ఏడు మొలిచాయి. ఆ ఏడింటిలో ఒకదానిని కోతి పీకింది. తిరుపతిలో మేడ మీద ఏది పెంచినా కోతికి ఒక వాటా తప్పదు కనుక ఆ నష్టాన్ని బృందం ఖాతాలో రాయడం న్యాయం కాదు. మట్టి, ఇసుక, పశువుల ఎరువు ఎంత పాళ్లలో కలపాలో, ఏ నెలలో నీళ్లు తగ్గించాలో వివరిస్తూ వారు ఇచ్చిన ఒక పేజీ కాగితం మాత్రం చక్కగా ఉంది.

ఇప్పుడు నా ప్రధానమైన ఫిర్యాదుకు వస్తాను. జూలై మొదటి వారంలో వనమహోత్సవం పేరిట ఒక ఆదివారాన్ని పూర్తిగా మొక్కలు నాటడానికి కేటాయించారు. ఆ రోజు రెండు బస్సుల నిండా జనం వచ్చారు. పందిరి వేశారు, మైకు పెట్టారు, అతిథులకు శాలువాలు కప్పారు. నాటిన మొక్కల్లో మా నారుమడిలో పెరిగినవి పదో వంతు కూడా లేవు. మిగిలినవన్నీ ఎక్కడో కొనుక్కొచ్చినవే. అందులో తురాయి ఎక్కువ. తురాయి ఎర్రగా పూస్తే అందంగా ఉంటుంది, కాదనను, కానీ అది మడగాస్కర్ చెట్టు. దేశవాళీ మొక్కల రక్షణ అని కరపత్రంలో అచ్చు వేసి, నెల రోజులు ఒక విదేశీ మొక్కను పెరికించి, మరొక విదేశీ మొక్కను అదే చేతులతో నాటించడం ఏ లెక్కన సరిపోతుందో నాకు బోధపడలేదు. తిరుమల కొండ మీద ఒకప్పుడు పచ్చదనం కోసం విరివిగా నాటిన ఆస్ట్రేలియా తుమ్మ స్థానంలో ఇప్పుడు దేశవాళీ చెట్లు పెంచాలని ఆలోచిస్తున్నారు. ఆ పాఠం మన ఊరి కొండ మీదే కళ్లెదుట ఉంది.

మొక్కల జాతి సంగతి అలా ఉంచినా, నాటిన సమయం తప్పు. జూలైలో మన దగ్గర నాలుగు జల్లులు పడతాయి, ఆ తర్వాత ఎండ కాస్తుంది. తిరుపతికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో వస్తాయి. 2021 నవంబరులో ఊరు ఊరంతా నీట మునిగిన రోజులు ఎవరూ మరచిపోలేదు. ఇక్కడ మొక్క నిలవాలంటే నేల లోపలి దాకా తడిసిన తర్వాతే నాటాలి. జూలై మొదటి వారపు వనమహోత్సవం 1950లో కె.ఎం. మున్షీ దేశమంతటికీ కలిపి పెట్టిన సంప్రదాయం, చిత్తూరు వానలను లెక్క చూసి పెట్టినది కాదు. పైగా ఆ రోజు తొందరలో చాలా మొక్కలను ప్లాస్టిక్ సంచి విప్పకుండానే గుంటలో దించారు. సెప్టెంబరులో మా వరసలో నాటిన 40 మొక్కలను వెళ్లి లెక్కపెడితే తొమ్మిది బతికి ఉన్నాయి. ఆ తొమ్మిదిలో ఆరు మా నారుమడివి. ఎండిన మొక్కల చుట్టూ నల్లని ప్లాస్టిక్ సంచులు నేలలో మిగిలాయి. వాటిని ఏరడానికి అక్టోబరులో మరో ఉదయం పట్టింది.

ఈ విషయం మీద నిర్వాహకులకు ఒక ఉత్తరం రాశాను. మర్యాదగానే జవాబు వచ్చింది. విరాళాలు ఇచ్చేవారు ఏడాదికి ఒక్కసారైనా మొక్క నాటుతున్న ఫోటో కావాలని కోరుతారని, ఆ ఒక్క రోజు విరాళంతోనే మిగతా 19 ఆదివారాల వ్యాను, పనిముట్లు నడుస్తున్నాయని చెప్పారు. ఇందులో నిజం లేదని అనను. పెరికిన పులికంప పక్కన నిలబడి దిగిన ఫోటోకు ఎవరూ చందా ఇవ్వరు. అయితే అదే పండుగను అక్టోబరుకు మార్చి, నారుమడి మొక్కలే నాటిస్తే ఫోటోకు వచ్చే లోటేమిటన్న నా ప్రశ్నకు ఇంకా జవాబు రావలసి ఉంది.

రక్షణ ఏర్పాట్లలో కూడా లోటు ఉంది. ఆగస్టులో ఒక కాలేజీ విద్యార్థిని పొద కదిలించినప్పుడు కందిరీగలు లేచి ముఖం, చేతులు కుట్టాయి. ఆ సమయానికి వ్యాను మమ్మల్ని దించి తిరుపతికి వెళ్లిపోయి ఉంది. ప్రథమ చికిత్స పెట్టెలో దూది, గడువు తీరిన ఒక మందు సీసా తప్ప ఏమీ లేవు. ఊళ్లోని ఒకాయన తన ఆటోలో ఆ అమ్మాయిని ఆసుపత్రికి చేర్చారు. తర్వాత ఆమె కోలుకుంది. ఆ సంఘటన తర్వాత వ్యానును పని ముగిసే వరకు అక్కడే ఉంచుతున్నారు, పెట్టె కూడా మార్చారు. కానీ రక్తపింజరి తిరిగే పొదల్లో చేతులు పెట్టే పని ఇది. పాము కరిస్తే కోయకుండా, గట్టిగా కట్టకుండా, కదలనీయకుండా వీలైనంత త్వరగా రుయా వంటి పెద్దాసుపత్రికి చేర్చాలన్న సంగతి మొదటి రోజు పాఠంలో ఎందుకు చేర్చలేదో తెలియదు. పొదను ముందు పొడవాటి కర్రతో కదిలించి, ఆ తర్వాతే వంగాలన్న జాగ్రత్త మాకు నేర్పింది నిర్వాహకులు కాదు, పెద్దాయనే. 2023లో తిరుమల నడకదారిలో చిరుతల దాడులు జరిగిన తర్వాత కొండ అంచున పొద్దు పొడవకముందే నడవడం గురించి అందరికీ భయం ఉంది. వెలుతురు పూర్తిగా వచ్చే వరకు వ్యాను దిగనివ్వకపోవడం మాత్రం బృందం చేసిన మంచి పని.

డబ్బు విషయంలో నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి ఒకటి ఉంది. మేము సేవకులం, మా ఆదివారం మా ఇష్టం. మాకు మొక్కలు చూపించి, దారి చూపించి, కత్తి పట్టడం నేర్పిన ఊరివారికి ఆ ఆదివారం కూలి పోయినట్లే కదా. మొదటి మూడు నెలలు వారికి పొంగలి తప్ప ఏమీ ఇవ్వలేదని అడిగితే తెలిసింది. కొందరం పట్టుబట్టిన తర్వాత అక్టోబరు నుంచి రోజు కూలి ఇస్తున్నారు. రిజిస్ట్రేషన్ రుసుము 500 నుంచి 800 చేసినా నాకు అభ్యంతరం లేదు, ఆ పెంచిన 300 వారికి చేరితే.

మొక్కల పుస్తకం గురించి రెండు మాటలు. బొమ్మలు బాగున్నాయి, కాగితం తడిని తట్టుకుంటుంది. కానీ కొండ సాంబ్రాణి బొమ్మ కింద దాని బంకను గుగ్గిలం అని రాశారు. గుగ్గిలం అని సాధారణంగా అనేది జాలారి చెట్టు బంకను, సాంబ్రాణి వేరు. పూజ గదిలో రెండూ వేసేవారికి కూడా ఈ తేడా తెలుసు. పల్లెలో పెద్దాయన చెప్పే పేర్లు కొన్ని పుస్తకంలో లేనే లేవు. మలి ముద్రణలో ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని దిద్దుకుంటే పుస్తకం విలువ రెట్టింపవుతుంది. తలకోన జలపాతం దగ్గర చెత్త ఏరిన ఒక ఆదివారం కూడా ఉంది. అక్కడ ఏరిన సీసాల సంఖ్య కంటే, మేము ఏరుతుండగానే మా వెనుక సీసాలు విసిరినవారి సంఖ్య నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ రోజు గురించి అంతకంటే చెప్పవలసింది లేదు.

ఎవరు చేరవచ్చు అంటే, నేల మీద కూర్చుని లేవగలిగినవారు, ఎండకు తట్టుకోగలిగినవారు, అన్నిటికంటే ముఖ్యంగా కనీసం ఆరు ఆదివారాలైనా వరుసగా రాగలిగినవారు. ఒక్కసారి వచ్చి చూసిపోదామనుకునేవారికి ఇది సరిపడదు, ఎందుకంటే మొదటి రోజు ఆకులు చూడడంతోనే గడిచిపోతుంది. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలను తీసుకురావచ్చు. మా బృందంలో ఒక తొమ్మిదో తరగతి కుర్రవాడు నాకంటే వేగంగా పేరీతను, ఈతను వేరు చేస్తాడు. పూర్తి చేతుల చొక్కా, పొడవాటి సాక్సులు, గట్టి బూట్లు సొంతంగా తెచ్చుకోవాలి. వారు ఇచ్చే గ్లౌజులు పెద్ద చేతులకే సరిపోతాయి కాబట్టి ఆడవారు సొంత జత కొనుక్కోవడం మంచిది.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. జూలై ఆదివారం లేకుండా ఉంటే నాలుగున్నర ఇచ్చేవాడిని. కొత్త కాలానికి జూన్‌లో మళ్లీ మొదలుపెడుతున్నారు. నా 500 ఇప్పటికే కట్టేశాను. మేడ మీద మిగిలిన ఆరు ఎర్రచందనం మొక్కలను అక్టోబరు వానల తర్వాతే ఇస్తానని చెప్పాను. జూలై మొదటి ఆదివారం నాటికి నా మోకాలు తప్పకుండా నొప్పి పుడుతుందని కూడా నిర్వాహకులకు ముందుగానే తెలియజేశాను.